కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

చివరి బెంచీలో నడవ పక్కన నా చోటు. ఇక్కడ కూర్చుంటే తలుపు తెరుచుకున్న చప్పుడు ముందు నాకే వినబడుతుంది, లోపలికొచ్చిన మనిషి చేతులు ముందు నాకే కనబడతాయి, పాస్టరు ముఖం ఎలాగూ అందరికీ కనబడుతుంది కాబట్టి దాని సంగతి వాళ్ళే చూసుకుంటారు. కుడి నడుము మీద, వదులు చొక్కా కింద, తోలు ఒరలో నా పిస్తోలు. అది ఉందని నాకు తెలుసు, ఈ బెంచీ చెక్కకు తెలుసు, కాపలా జట్టులో మిగతా ఇద్దరికీ తెలుసు, అనుమతి ఇచ్చిన పాస్టరుకు తెలుసు, ఇంకెవరికీ తెలియకూడదు. తెలిసిందంటే నేను పని సరిగ్గా చెయ్యనట్టే. కొత్తగా పెట్టుకున్నవాళ్ళు మాటిమాటికీ తడుముకుంటారు, ఉందా లేదా, జారిందా, చొక్కా పైకి లేచిందా అని, వాళ్ళని చూస్తే పది గజాల నుంచే చెప్పేయొచ్చు. నేను తడమను. మొదటి కీర్తన మొదలైంది, అందరూ లేచారు, నేనూ లేచి నిలబడి నోరు కదుపుతున్నాను, పాట సగం నాకు రాదు, కళ్ళు మాత్రం వరసవరసా నడుస్తున్నాయి.

ఈ పాటలూ పాస్టరు చెప్పే వాక్యమూ అయ్యేలోపు నేను మాటలు కూర్చుకోవాలి. అయ్యాక, కాఫీలిచ్చే వసారాలో బ్రదర్ ఆర్విల్ స్టెగాల్‌ని పక్కకి పిలిచి, ఇక మీ తుపాకీ ఇంట్లో పెట్టెయ్యండి బ్రదర్ అని చెప్పాలి. ఎవరికి చెప్పాలి? నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పిన మనిషికి, ఈ చర్చికి కాపలా జట్టు అనేది పెట్టిన మనిషికి, ఎనభై దాటినా ఇప్పటికీ నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషికి. పాస్టరు బ్రెంట్ గురువారం ఫోన్ చేసి, నువ్వు చెబితే వింటాడు సిస్టర్ నోరీన్, అన్నాడు. అంటే నాకు ధైర్యం చాలడం లేదు అని. సరే, ఆయన చిన్నవాడు, దేవుడితో మాట్లాడ్డం చదువుకున్నాడు గానీ ఆర్విల్‌తో మాట్లాడ్డం ఎవరూ నేర్పలేదు. ఇవాళ ఆర్విల్ తనంతట తాను ఒప్పుకుంటే మా నలుగురి మధ్యే ఉంటుంది. ఒప్పుకోకపోతే బ్రెంట్ అనుమతి వెనక్కి తీసుకుని పెద్దల సమావేశంలో చెప్పాలి, చెబితే సాయంత్రానికల్లా పీలర్స్ ఫోర్డ్ ఊరంతా తెలుస్తుంది, పెట్రోలు బంకులో ఆయన కాఫీ తాగుతుంటే జనం జాలిగా చూస్తారు. ఆర్విల్ దేన్నైనా తట్టుకుంటాడు, జాలిని తట్టుకోలేడు. కాబట్టి చెప్పాల్సింది నేనే, చెబుతాను, నాకేం బెరుకు లేదు, స్కూలు బస్సు నడుపుతూ వెనక సీటు కోతిమూకని అద్దంలో ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషిని, ఒక ముసలాయనకి ఒక్క ముక్క చెప్పలేనా.

అయితే ఆయన చోట్లో ఆయన లేడు. నడవకి అవతల, చివరి బెంచీలో అటు కొస ఆర్విల్‌ది, ఇన్నేళ్ళలో ఆ మూల ఖాళీగా చూసింది ఆయన మోకాలికి ఆపరేషన్ అయినప్పుడే. ఇవాళ ఖాళీ. వెతికితే ముందు నుంచి మూడో వరసలో భార్య ఐనెజ్ పక్కన తెల్ల తల కనబడింది. తన చోటు కూడా మర్చిపోయాడా. పోయిన వారం జరిగింది ఒక్కసారి జరిగేదే, ఎవరికైనా జరుగుతుంది అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, కానీ కూర్చునే చోటు మర్చిపోయేదాకా వచ్చిందంటే వేరే సంగతి. పైగా ఆ బట్టలేమిటి. జూలై ఎండలో కూడా విప్పని ఆ గోధుమరంగు చేతుల్లేని కోటు లేదు. ఉత్త తెల్ల చొక్కా, అదీ ప్యాంటులోకి దోపుకుని, బెల్టు కనబడేట్టు. ఆయనే కదా మాకు చెప్పింది, చొక్కా దోపుకున్ననాడు దాచడానికి చోటు లేదు అని. మరి ఎక్కడ పెట్టుకున్నట్టు? చీలమండకి కట్టుకునేవాళ్ళని చూస్తే ఆయనకి నవ్వు, వంగి ప్యాంటు పైకి లాక్కునేలోపు ప్రళయం అయిపోతుంది అంటాడు. మర్చిపోయి ఇంట్లో వదిలేశాడా అంటే, ఆర్విల్ ప్యాంటు మర్చిపోయి చర్చికి రాగలడు గానీ అది మర్చిపోడు. మిగిలింది జేబు. ఒర లేకుండా, తాళాలతో చిల్లరతో కలిపి ప్యాంటు జేబులో పడేసుకుని, పిల్లాపాపలున్న మూడో వరసలో కూర్చున్నాడన్నమాట. నాకు చెమట పట్టింది, ఏసీ నెత్తి మీదే ఉంది.

పాట అయింది. ఒకరినొకరు పలకరించుకోండి అన్నాడు బ్రెంట్. మా ఊళ్ళో పలకరింపంటే కౌగిలింత, చెయ్యి చాపితే అలిగారా అని అడుగుతారు. నేను ఎడమ భుజం ముందుకు వేసి, మోచేతులు కిందికి ఉంచి, అవతలివాళ్ళ చేతులు నా చేతులకి పైగా పోయేట్టు కౌగిలించుకుంటాను. కుడివైపు ఎవరికీ ఇవ్వను. ఇది కూడా ఆర్విల్ నేర్పిందే, ఆయనా నేనూ ఎదురుపడితే ఇద్దరం ఎడమ భుజాలు తగిలించుకుని ఒకరి వీపు ఒకరం తడతాం, ట్రక్కులు రెండు ఇరుకు వంతెన మీద తప్పుకున్నట్టుంటుంది అని ఐనెజ్ నవ్వేది. మా ఆయన డేల్ పోయాక నన్ను రెండు చేతులా దగ్గరికి తీసుకున్నవాళ్ళు లేరు. అది ఎవరి తప్పూ కాదు, నేనే పక్కకి తిరుగుతాను. జనం మధ్య ఆర్విల్ తల కనబడకుండా పోయింది, వెతుకుదామంటే తలుపు వదిలి వెళ్ళకూడదు.

డేల్ పోయాకే కదా ఇదంతా. కంకర రోడ్డు చివర ఒక్కటే ఇల్లు, పిలిస్తే షెరీఫు పోలీసులు వచ్చేసరికి కాఫీ కాచుకుని తాగి గిన్నె కూడా కడుక్కోవచ్చు. నేర్పండి బ్రదర్ అని వెళ్ళాను. పాత సున్నపురాయి క్వారీలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, బల్ల మీద తుపాకీ గుడ్డ కప్పి ఉంది, గుడ్డ తియ్యనే లేదు. "ఎవర్ని చూస్తే నీకు ఒళ్ళు మండుతుందమ్మాయ్?" అన్నాడు. నేను ఆలోచించకుండా మా ఆడపడుచు అన్నాను. "అయితే ముందు వెళ్ళి ఆవిడింట్లో భోంచేసి రా. ఎదురుమాట అనకుండా తిని రావాలి. అప్పుడు ఈ గుడ్డ తీద్దాం." నాకు పిచ్చికోపం వచ్చింది, వచ్చిందని ఆయనకి కనబడింది, అదిగో చూశావా అన్నట్టు తలూపాడు. వెళ్ళాను. ఆడపడుచు ట్రూడీ పంది మాంసం వండింది, నేను నమిలే ప్రతి ముద్దకీ ఒక మాట విసిరింది, ఉప్పు తగ్గించి వండిపెట్టి ఉంటే మా డేల్ ఇంకా ఉండేవాడు అంది, ఇప్పుడు తుపాకీ నేర్చుకుంటున్నావటగా, దేవుడి మీద నమ్మకం తగ్గిందా ఏం అంది. బీన్స్ బాగున్నాయి ట్రూడీ అన్నాను. ఆపిల్ కేకు రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ట్రక్కులో కూర్చుని తలుపేసుకుని స్టీరింగు మీద కొడుతూ అరిచాను, అది మాత్రం ఆర్విల్‌కి చెప్పలేదు. చెప్పినా ఒప్పుకునేవాడే, ట్రక్కులో అరవడానికి రూలేం లేదు.

అది నడుముకున్నంతసేపూ ప్రతి తగాదాలోనూ నువ్వే ఓడిపోవాలి, అనేవాడు. నీ పార్కింగ్ చోటు ఎవడైనా లాక్కుంటే ఇచ్చెయ్, నడివేలు చూపిస్తే చెయ్యి ఊపు, తిడితే సారీ చెప్పు, ఎందుకంటే నువ్వు మొదలెట్టిన తగాదా ఎక్కడిదాకా పోగలదో నీకు తెలుసు, వాడికి తెలియదు. బీరు ముట్టుకోకు. కుడి చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచు, సంచీ అయినా, గొడుగైనా, మనవరాలైనా ఎడమ చేతికి. అలా నేను ఈ జిల్లాలో అందరికంటే మర్యాదస్తురాలినైపోయాను. పెళ్ళి విందుల్లో నిమ్మరసం తాగుతాను, వరసలో ముందుకి దూరినవాడికి ముందు మీరే వెళ్ళండి అంటాను, నోరీన్ మొగుడు పోయాక మెత్తబడింది పాపం అని జనం అనుకుంటారు. అనుకోనీ. నేనింత ధీమాగా ఎప్పుడూ లేను. నడుముకి బరువుంటే ధైర్యం వస్తుందనుకుంటారు తెలియనివాళ్ళు, బరువున్నప్పుడు వచ్చేది జాగ్రత్త, జాగ్రత్తగా ఉండగలను అన్న నమ్మకం వచ్చాక మిగతాది అదే వస్తుంది.

వారంలో ఐదు రోజులు అది లేకుండానే ఉంటాను. స్కూలు బస్సు ఎక్కేముందు ఇంట్లో ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తాను, చట్టం అది, నాకూ అదే ఇష్టం, పిల్లలున్న చోట నా చేతిలో స్టీరింగు ఉంటే చాలు. మొదటి వంపు దాటేదాకా కుడి నడుము తేలిగ్గా, వెలితిగా ఉంటుంది, తర్వాత మర్చిపోతాను. ఆర్విల్‌కి అలాంటి రోజు ఒక్కటీ లేదు. కరెంటు కంపెనీలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన నాటి నుంచీ లేచాక పెట్టుకోవడం, పడుకునేముందు తియ్యడం. ఆయన తుపాకీ పాఠాలన్నీ స్తంభం మీద నేర్చుకున్నవే. తీగలో కరెంటు లేదని ఎవడు చెప్పినా, వాడు మీ నాన్నయినా సరే, నమ్మకు, పరీక్షించి చూసుకో, చూసుకున్నావని వాడు నొచ్చుకుంటే వాడితో కలిసి పని చెయ్యకు. తుపాకీ కూడా అంతే. ఒకరు తెరిచి చూసి, ఖాళీ అని చెప్పి చేతికిస్తే, తీసుకున్నవాళ్ళు మళ్ళీ తెరిచి చూసుకోవాలి. మా మధ్య అది అవమానం కాదు. చూసుకోకపోతేనే ఆయనకి చిరాకు.

ఇక ఆ మరుగుదొడ్డి పాఠం. నాతోపాటు నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్ళూ నేనూ ముఖాలు ఎర్రగా పెట్టుకుని వింటుంటే ఆయన లెక్కల మేష్టారిలాగా చెప్పుకుపోయాడు. దొడ్లో కూర్చున్నప్పుడు అది ఒరలోనే, దించుకున్న ప్యాంటులోనే, రెండు పాదాల మధ్య ఉండాలి. కొక్కేనికి తగిలించకూడదు, నీళ్ళ తొట్టి మీద పెట్టకూడదు, తుడుచుకునే కాగితం చుట్ట పెట్టె మీద అసలు పెట్టకూడదు. ప్యాంటు ఎత్తుకోకుండా ఎవరూ బయటికి రారు, పెట్టె మీద పెట్టింది మాత్రం అక్కడే ఉండిపోతుంది. మనలాంటివాళ్ళు చేసే తప్పు ఇదొక్కటే, దొంగలు కూడా చెయ్యరు, అన్నాడు. పోయిన ఆదివారం, వాక్యం మధ్యలో, దాణా లారీ నడిపే మా వెండెల్ మగవాళ్ళ దొడ్లోకి వెళ్ళి, మరుక్షణం బయటికొచ్చి, ఒరలో ఉన్న పిస్తోలుని పాటల పుస్తకం కింద దాచుకుని నా దగ్గరికి తెచ్చాడు. చూడగానే ఆ తోలు ఒర ఎవరిదో నాకు తెలిసింది, కుట్టు ఊడితే కరెంటు తీగల నల్లటేపు చుట్టుకునేవాడు ఇంకెవరున్నారు. కాగితం చుట్ట పెట్టె మీద ఉందట. వెండెల్ వెళ్ళేముందు ఇంకెవరైనా వెళ్ళి ఉంటే, ఏ ఆరేళ్ళవాడో వెళ్ళి ఉంటే. ఆ ఆలోచన దగ్గరికి నేను వారమంతా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆరాధన అయ్యాక ఆయన ట్రక్కు దగ్గర, అద్దం దించితే, తెరిచి ఖాళీ చేసి చేతికిచ్చాను. ఆర్విల్ దాని వంక చూశాడు, తన నడుము వంక చూసుకున్నాడు, నా వంక మాత్రం చూడలేదు. మళ్ళీ తెరిచి చూసుకున్నాడు, అలవాటు పోలేదు. ఐనెజ్ తన వైపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఓ, అన్నాడు, అంతే, ట్రక్కు స్టార్ట్ చేశాడు.

ప్రార్థన చేద్దాం, అన్నాడు బ్రెంట్. తలలన్నీ వంగాయి, కళ్ళన్నీ మూసుకున్నాయి, మావి తప్ప. కాపలా జట్టు కళ్ళు తెరిచి ప్రార్థన చేస్తుంది, మొదటి రోజే ఆర్విల్ పెట్టిన నియమం, దేవుడు ఏమీ అనుకోడు, మీరు ఏం చేస్తున్నారో ఆయనకి తెలుసు అన్నాడు. వంగిన తలల మీదుగా మా ముగ్గురి చూపులూ కలుసుకుంటాయి, నేను, అవతలి కొస నుంచి ఆర్విల్, పియానో పక్క తలుపు దగ్గర వెండెల్, ఏమీ లేదు, బాగుంది, అని. ఇన్నేళ్ళ ప్రార్థనల్లో నాకు బాగా గుర్తున్నది ఆయన ముఖం. ఇవాళ వెండెల్ ఒక్కడే నా వంక చూసి, గడ్డంతో మూడో వరస చూపించాడు. పక్క నుంచి ఆర్విల్ ముఖం సగం కనబడుతోంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడు, అనుకున్నాను, జేబులో తుపాకీ పెట్టుకుని నిద్రపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే కళ్ళు మసకబారతాయి, ఏడవలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ చూడని మనిషి, ఈ ఎండలో మెడదాకా జిప్పు లాగిన నల్ల తోలు జాకెట్, ఎడమ చేతిలో హెల్మెట్, కుడి చెయ్యి జాకెట్ లోపల. అలవాటుగా అవతలి మూల వంక చూశాను, ఖాళీ. సరే, నేనున్నాను. నిదానంగానే నడిచాను. మా పనిలో ముందు వాడేది చిరునవ్వు, తర్వాత చెయ్యి, మిగతాది ఎప్పుడూ అవసరం పడకపోతే అదే గెలుపు. నా కుడి చెయ్యి చాపాను, చెయ్యి చాపితే ఎవరైనా తమ కుడి చెయ్యి బయటికి తియ్యాలి, తీశాక అది నా చేతిలో ఉంటుంది. జాకెట్‌లోంచి చెయ్యి వచ్చింది, అందులో నలిగిన చేతిరుమాలు. ముఖమంతా చెమట, కళ్ళు మాత్రం ఏడ్చిన కళ్ళు. రండి, నా పక్కన చోటుంది, అన్నాను గుసగుసగా. "బోర్డు చూసి ఆగానండీ, మా అమ్మ ఇలాంటి చర్చికే తీసుకెళ్ళేది, మొన్ననే పోయింది," అన్నాడు. కూర్చోబెట్టి, జాకెట్ విప్పుకోండి ఏసీ బానే ఉంది అంటే విప్పుకున్నాడు, లోపల బనీను, ఇంకేం లేదు. పాటల పుస్తకం తెరిచి చేతికిచ్చాను. అతను వచ్చింది అమ్మ కోసం, నేను చూసింది నడుము. రెండూ జరిగాయి, రెండోది అతనికి తెలియదు, తెలియక్కర్లేదు.

వాక్యం నడుస్తోంది. బ్రెంట్ ఓర్పు గురించి చెబుతున్నాడు, ఓర్పు గురించి చెప్పేటప్పుడు ఆయనకి టైము తెలియదు. నేను నా మాటలు కూర్చుకుంటున్నాను. బ్రదర్, మీరే నేర్పారు కదా. వద్దు, ఆయన పాఠం ఆయనకే అప్పజెబితే ఎలా ఉంటుంది. బ్రదర్, పాస్టరు గారు అడగమన్నారు. అదీ వద్దు, అడిగేది నేను, బ్రెంట్ చాటున దాక్కోను. బ్రదర్, నాకు భయంగా ఉంది. అది నిజం. ఆయన ఏమంటాడు? నీకా ఇవ్వాల్సింది అంటాడా, నవ్వుతాడా, లేకపోతే పోయినసారిలా ఓ అని వెళ్ళిపోతాడా. ఓ అంటే నేను తట్టుకోలేను. తిట్టినా బాగుండు, తిడితే సారీ చెప్పడం నాకు వచ్చు. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం, పైవారం ఏ పిల్లవాడో ఆ దొడ్లోకి ముందు వెళ్తాడు. ఆయన మీద గౌరవం కొద్దీ ఊరుకున్నానని ఆ పిల్లవాడి తల్లికి చెప్పగలనా. చెప్పలేను. కాబట్టి చెబుతాను. ఆ నిర్ణయం తీసుకున్నాక మనసు కుదుటపడింది, ఆడపడుచు ఇంట్లో రెండో ముక్క కేకు అడిగినప్పుడు కూడా ఇలాగే కుదుటపడింది.

ముగింపు కీర్తనకి లేచాం. మూడో వరసలో ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకున్నారు. ఐనెజ్ భుజాలు పాడేటప్పుడు ఎలా కదులుతాయో ఎన్నాళ్ళ తర్వాతో గమనించాను. ఆ వరసలో ఆవిడ పక్క చోటు ఎప్పుడూ ఆవిడ చేతిసంచీదే, ఆదివారం పూట నేను విధవరాలినే సిస్టర్, అని ఒకసారి నాతో నవ్వుతూ అంది, నవ్వుతూనే కానీ పూర్తిగా నవ్వుతూ కాదు. ఇవాళ సంచీ కింద ఉంది. పాపం ఆవిడ, మొగుడు మతిమరుపు కొద్దీ పక్కన కూర్చున్నాడని తెలిస్తే ఆ భుజాలు అలా కదులుతాయా. నా మీద నాకే కోపం వచ్చింది, ఇవాళే దొరికిందా నాకు. ఆశీర్వాదం అయింది, జనం కదిలారు, తలుపు వెండెల్‌కి అప్పజెప్పి వసారాలోకి నడిచాను.

ఆయన కాఫీ పాత్ర పక్కన గోడకానుకుని నిలబడి ఉన్నాడు, నా కోసమే అన్నట్టు. బ్రదర్, అన్నాను.

"బ్రెంట్ పంపాడా?" అన్నాడు.

"పంపాడు. పంపకపోయినా వచ్చేదాన్ని."

"అది బాగుంది," అన్నాడు ఆర్విల్, నిజంగానే సంతోషించాడు. "బుధవారం తాళాలాయన్ని పిలిపించా అమ్మాయ్. ఇంట్లో తుపాకీ పెట్టిన ఇనుప పెట్టె తాళం అంకెలు మార్పించా. కొత్తవి ఐనెజ్‌కి తెలుసు. నాకు చెప్పొద్దన్నా, ఎప్పుడైనా కోప్పడి అడిగినా సరే చెప్పొద్దన్నా."

ఆయన్ని పైనుంచి కిందిదాకా మళ్ళీ చూశాను. చొక్కా, బెల్టు, మూడో వరస, మూసుకున్న కళ్ళు. గంటసేపు అన్నీ చూశాను, చూసి అన్నీ తప్పుగా చదివాను. మీరు చోటు మర్చిపోయారనుకున్నా బ్రదర్, జేబులో పెట్టుకుని నిద్రపోయారనుకున్నా, అన్నాను. ఆయన కాఫీ ఒలికేట్టు నవ్వాడు. "చొక్కా దోపుకుని మరీ వస్తిని కదే! అంతకంటే ఎలా చెప్పను, మైకులో చెప్పనా?" అన్నాడు. నవ్వు ఆపుకుని కప్పు పక్కన పెట్టాడు, రెండు చేతులూ పక్కలకి ఎత్తి నిలబడ్డాడు, స్తంభం ఎక్కే ముందు నడికట్టు చూపించుకునేవాడిలా.

"ఏం, నేను చెప్పానని నమ్మేస్తావా? నీకు నేర్పింది ఇదేనా? చూసుకో."

చూసుకున్నాను. ఎడమ భుజం కాదు, ఎదురుగా వెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాను, నా చెయ్యి ఆయన కుడి నడుము మీదకి వెళ్ళింది. తోలు లేదు, ఇనుము లేదు, నల్లటేపు లేదు. పల్చటి చొక్కా, దాని కింద ముసలి ఎముక, దాని వేడి. నా నడుము మీది బరువు ఆయనకి తగులుతోంది, తగలనిచ్చాను. ఆయన నా వీపు తట్టలేదు, ఊరికే పట్టుకున్నాడు. నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ అక్కర్లేకపోయింది, ఏడిచాను, ఇది వసారా కాబట్టి ఏడవొచ్చు.

కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే ఎలా ఉంది, అని అడిగాను, ముక్కు తుడుచుకుంటూ. "మొదట్లో భయమేసింది," అన్నాడు. "తర్వాత కీర్తనప్పుడు ఐనెజ్ పాట వినబడింది. ఇన్నేళ్ళూ వెనకాల కూర్చున్నాగా, అంత దూరం వచ్చేది కాదు. బాగా పాడుతుందే, నాకు తెలియనే తెలియదు." కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, నీ రోజు వచ్చినప్పుడు ఎవరిచేతా అడిగించుకోకు అమ్మాయ్, అన్నాడు. అలాగే బ్రదర్, అన్నాను. వస్తుందని తెలుసు, ఇంకా రాలేదనీ తెలుసు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి వెండెల్ కళ్ళతోనే అడిగాడు, అయిపోయింది, బాగుంది, అని తలూపాను. బయట ఎండ తెల్లగా కాస్తోంది. తోలు జాకెట్ అబ్బాయి బైకు దగ్గర నిలబడి నాకు చెయ్యి ఊపాడు. ఆర్విల్, ఐనెజ్ ట్రక్కు వైపు నడుస్తున్నారు. ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్క నడిచే మనిషి ఇవాళ కుడి పక్క నడుస్తోంది, ఆయన కుడి చేతిలో ఆవిడ చెయ్యి ఉంది. లోపల ఇంకా మనుషులున్నారు. వాళ్ళంతా బయటికి వచ్చేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.